స్కర్టింగు

స్కర్టింగు అనగా గదులలో గోడ అడుగున, నేలతో కలిసే చోట అమర్చే పట్టీ. దీని ఎత్తు సాధారణంగా 10 సెం.మీ. (4 అంగుళాలు) ఉంటుంది. ఇది గోడకూ నేలకూ మధ్యనున్న సందును కప్పుతుంది. నేల కడిగిన నీరు గోడపూతలోనికి ఇంకకుండా కాపాడుతుంది.

రాతి, టైలు స్కర్టింగు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాధారణంగా నేలకు పరచిన రకపు బండలను లేదా టైల్సునే పట్టీలుగా కోసి వాడుతారు. గోడ అడుగున పూతను చెక్కి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక కలిపిన మాలుతో అతికిస్తారు. వరుసను దారంతోనూ, రసమట్టంతోనూ సరిచూస్తారు. ఆరిన తరువాత తట్టినపుడు డొల్ల శబ్దం వచ్చిన పట్టీని తీసి మరల అతికించాలి. లేనిచో అది కొంతకాలానికి ఊడిపోతుంది. చివరగా సందులను గ్రౌటుతో గాని, రంగు కలిపిన తెల్ల సిమెంటుతో గాని పూడుస్తారు.

చెక్క స్కర్టింగు

చెక్క నేల గాలిలోని తేమను బట్టి వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. అందుచేత గోడ వెంబడి సుమారు 10 మి.మీ. ఖాళీ విడిచి, దానిని స్కర్టింగుతో కప్పుతారు. పట్టీని గోడకే బిగించాలి, నేలకు బిగించరాదు. ఆ ఖాళీని సిమెంటుతో నింపితే వర్షాకాలంలో నేల ఉబికి పైకి లేస్తుంది. పట్టీ పైఅంచున గోడతో ఏర్పడే సన్నని సందును, రంగు వేయుటకు వీలైన ఆక్రిలిక్ సీలెంటుతో మూస్తారు.

పరిమితులు

పునాది నుండి పైకెక్కే చెమ్మను స్కర్టింగు ఆపలేదు. చెమ్మగోడకు పట్టీ అతికిస్తే ఆ తేమ పట్టీకి పైభాగాన బయటపడి రంగును పెచ్చులుగా రాలుస్తుంది. కావున ముందుగా చెమ్మకు కారణాన్ని తొలగించి, గోడ ఆరిన తరువాతనే స్కర్టింగు అమర్చాలి.