బొమ్మలేసే పిల్లాడికీ ఒక డిగ్రీ ఉంది

మలేషియాలో పనిచేస్తున్న మనవాళ్లలో పిల్లలు ఇంటర్‌కి ఎదిగొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే మాటలన్నీ ఒకటే. ఎంపీసీనా, బైపీసీనా? ఏ కాలేజీ? ర్యాంకు వస్తుందా, రాదా? పిల్లాడు నోట్‌బుక్కు వెనక పేజీల నిండా బళ్ల బొమ్మలు గీస్తున్నాడనో, పాత ఫ్యాను విప్పి ఇంకేదో తయారు చేస్తున్నాడనో వాళ్లమ్మ చెప్తే మాత్రం 'ఆ పిచ్చి పనులు మాన్పించు' అంటాం. ఆ పిచ్చి పనికే యూనివర్సిటీలో ఒక డిగ్రీ ఉంది. పేరు ఇండస్ట్రియల్ డిజైన్. దానికి ఎంపీసీయే ఉండాలన్న నిబంధన కూడా లేదు.

అసలు ఇదేం చదువు?

సైటులో రోజూ పెట్టుకునే హెల్మెట్‌నే తీసుకోండి. దెబ్బ తగిలితే పగలకుండా ఉండాలని చూసేది ఇంజనీరు. ఎండలో ఎనిమిది గంటలు పెట్టుకున్నా తీసి పక్కన పడేయాలనిపించకుండా చూసేది డిజైనర్. వెనక బిగించే చక్రం గ్లవ్స్ వేసుకున్న చేత్తో తిరుగుతుందా, చెమట పట్టే పట్టీని తీసి కడుక్కోవచ్చా, ఇవన్నీ ఎవరో కూర్చుని ఆలోచించినవే. డ్రిల్లింగ్ మిషన్ పిడి, ప్రెషర్ కుక్కర్ మూత, ఆస్పత్రి మంచం, బస్సు సీటు... మనిషి చెయ్యి తగిలే ప్రతి వస్తువు వెనకా ఈ పని ఉంటుంది.

ఈ దేశం కథే ఒక ఉదాహరణ. 1983లో ప్రోటాన్ కంపెనీ పెట్టారు. 1985లో వచ్చిన మొదటి సాగా కారు మిత్సుబిషి మోడల్ ఆధారంగా చేసింది. సొంతంగా డిజైన్ చేసుకున్న మొదటి కారు వాజా. అది 2000లో గానీ రాలేదు. ఇంకొకరి బొమ్మ చూసి తయారుచేయడానికీ, తన బొమ్మ తనే గీసుకోవడానికీ మధ్య పదిహేనేళ్లు పట్టింది. అందుకే ఈ చదువుకి విలువ.

ఏళ్ల తరబడి ఏం నేర్పుతారు?

మలేషియాలో డిగ్రీలకు ప్రమాణాలు పెట్టేది ఎంక్యూఏ అనే ప్రభుత్వ సంస్థ. 2007 నుంచి ఉంది. దీని లెక్కలో బ్యాచిలర్ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టే 40 గంటల శ్రమ. క్లాసు, స్టూడియో, ఇంట్లో చేసుకునే పని అన్నీ కలిపి అన్నమాట. మొత్తం 4,800 గంటలు! కోర్సు సాధారణంగా మూడు నుంచి నాలుగేళ్లు.

మొదటి ఏడాది చేతికి పని. చూసిన వస్తువుని చూసినట్టు గీయడం, రంగులు, ఆకారాలు, అట్టతో, మట్టితో, థర్మాకోల్‌తో నమూనాలు చేయడం. తర్వాత చెక్క, లోహం, ప్లాస్టిక్ ఎలా వంగుతాయో, ఫ్యాక్టరీలో అచ్చు ఎలా పోస్తారో నేర్పుతారు. మనిషి ఒంటి కొలతలకు వస్తువుని ఎలా సరిపెట్టాలో చెప్పే ఎర్గోనామిక్స్ ఉంటుంది. కంప్యూటర్ మీద త్రీడీ డ్రాయింగ్ ఉంటుంది. పై ఏళ్లలో కంపెనీల్లో ట్రైనింగ్. చివర్లో ఒక వస్తువుని సొంతంగా మొదట్నుంచి చివరిదాకా తయారుచేసి చూపించాలి.

ఇక్కడ రాత పరీక్షల కంటే స్టూడియోకే బరువు ఎక్కువ. వారాల పాటు చేసిన పనిని గోడకి అంటించి, మాస్టర్ల ముందు నిలబడి, ఎందుకిలా చేశావంటే జవాబు చెప్పాలి. దీన్నే జ్యూరీ అంటారు. బట్టీ పట్టే పిల్లాడికి ఇది కష్టం. ప్రశ్న వేస్తే ఊరుకోని పిల్లాడికి ఇదే ఇష్టం.

చేరాలంటే ఏం కావాలి?

మలేషియా పిల్లలు ఎస్‌పీఎం, ఆ పైన ఎస్‌టీపీఎం రాసి వస్తారు. ఆర్ట్, డిజైన్ డిగ్రీలకి ఎంక్యూఏ పెట్టిన కనీస అర్హత ఎస్‌టీపీఎంలో రెండు సబ్జెక్టుల్లో సీ గ్రేడు. దానికి తోడు స్కూల్లో ఆర్ట్ సబ్జెక్టులో క్రెడిట్ ఉండాలి. అది లేకపోతే ఇంటర్వ్యూలో నెగ్గాలి, లేదా పోర్ట్‌ఫోలియో చూపించాలి. పోర్ట్‌ఫోలియో అంటే తను గీసినవి, చేసినవి వరసగా పెట్టిన ఫైలు. ఇది కనీస అర్హత మాత్రమే, ఒక్కో యూనివర్సిటీ దీనికి మించి అడగొచ్చు. సెర్డాంగ్‌లోని యూనివర్సిటీ పుత్రా మలేషియాలో డిజైన్, ఆర్కిటెక్చర్ ఫ్యాకల్టీ కింద ఇండస్ట్రియల్ డిజైన్ డిగ్రీ ఉంది. మన ఇంటర్ చదివినవాళ్లు విదేశీ విద్యార్థులుగా దరఖాస్తు చేసుకోవాలి. ఫీజూ ఆ లెక్కనే ఉంటుంది, ఇంగ్లీషు పరీక్ష స్కోరూ అడుగుతారు.

ఏజెంటు మాట నమ్మే ముందు

'మీరు ఇక్కడే ఉన్నారు కదా, పిల్లాణ్ని రప్పించండి, చదువుకుంటూనే సంపాదిస్తాడు' అని చెప్పేవాళ్లు ఉంటారు. జాగ్రత్త! పీఎల్‌కేఎస్ పర్మిట్ మీద వచ్చిన కార్మికుడు కుటుంబాన్ని తెచ్చుకోలేడు. పిల్లాడు స్టూడెంట్ పాస్ మీదే రావాలి. అది కాలేజీ ద్వారా, ఈఎంజీఎస్ అనే సంస్థ నుంచి ముందుగా అనుమతి వచ్చాకే. విజిట్ వీసా మీద దిగి తర్వాత మార్చుకుందాం అనే మాట అసలు వినొద్దు.

స్టూడెంట్ పాస్ మీద పని రోజూ చేసేది కాదు. సెమిస్టర్ బ్రేకులోనో, ఏడు రోజులకు మించిన సెలవుల్లోనో, వారానికి 20 గంటల లోపు, ఇమిగ్రేషన్ అనుమతితో మాత్రమే చేయొచ్చు. అదీ రెస్టారెంటు, పెట్రోల్ బంకు, మినీమార్కెట్, హోటల్ లాంటి చోట్లే. సైటు పని ఆ జాబితాలో లేదు. కాబట్టి ఫీజు వాడే కట్టుకుంటాడనే లెక్క కుదరదు. ఇంకోటి, ఆ కాలేజీలోని ఆ కోర్సు పేరు ఎంక్యూఏ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. కాలేజీ పేరు ఉంటే చాలదు, కోర్సు పేరూ ఉండాలి. ఆ రిజిస్టర్‌ని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఇంటి దగ్గరే తలుపు తెరిచి ఉంది

ఇంత దూరం రప్పించే ముందు ఊరి వైపు ఒకసారి చూడండి. అహ్మదాబాద్‌లో 1961లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ లాంటిదే మన దగ్గరా ఉంది. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. తర్వాత అమరావతి ప్రాంతంలోని శాఖమూరులో సొంత క్యాంపస్ వచ్చింది. 2019లో చేసిన చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయ్యింది. నాలుగేళ్ల బీడెస్‌లో మొదటి ఏడాది అందరికీ ఒకటే ఫౌండేషన్, తర్వాత ఇండస్ట్రియల్ డిజైన్ లాంటి విభాగాలు. ఇంటర్ ఏ గ్రూపైనా సరే. ప్రవేశానికి డ్యాట్ అనే పరీక్ష, అందులో ప్రిలిమ్స్, మెయిన్స్. వయసు పరిమితి ఉంది. జనరల్ వాళ్లకి 20 ఏళ్లు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకి సడలింపు ఉంటుంది. రిజర్వేషన్లూ ఉన్నాయి.

రెండోది యూసీడ్. జనవరిలో జరుగుతుంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్, ఇంకొన్ని ఐఐటీల బీడెస్ సీట్లు దీంతోనే. ఐఐటీ అనగానే జేఈఈ అనుకుంటాం, దీనికి జేఈఈ అక్కర్లేదు. ఏ గ్రూపు ఇంటరైనా రాయొచ్చు. గుర్తింపు ఉన్న మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లూ రాయొచ్చు. మనలాంటి డిప్లొమా వాళ్ల తమ్ముళ్లకి, కొడుకులకి ఇది ముఖ్యమైన మాట. వరసగా రెండేళ్లలో రెండు అవకాశాలే ఇస్తారు, వయసు పరిమితీ ఉంటుంది. కాబట్టి నోటిఫికేషన్ చూసుకుని ముందే సిద్ధం కావాలి.

ఇప్పుడే మొదలుపెట్టండి

దీనికి పెట్టుబడి ఒక డ్రాయింగ్ పుస్తకం, పెన్సిళ్లు. రోజుకో వస్తువు గీయమనండి. బిందె, చెప్పు, నాన్న పంపిన టార్చిలైటు, ఏదైనా. బొమ్మ పక్కనే ఈ వస్తువుతో ఇబ్బంది ఏంటి, ఎలా మారిస్తే బాగుంటుంది అని రెండు ముక్కలు రాయించండి. తేదీ వేయించండి. ఏడాదికి మూడొందల పేజీలు అవుతాయి. పరీక్షకి అదే సాధన, ఎవరైనా చూపించమంటే అదే పోర్ట్‌ఫోలియో. పిల్లాడికి నిజంగా ఇష్టం ఉందో లేదో కూడా ఆ పుస్తకమే చెప్తుంది. మూడు నెలలకే పుస్తకం పక్కన పడేస్తే బలవంతం వద్దు. పేజీలు అయిపోయి ఇంకో పుస్తకం అడిగితే మాత్రం, వచ్చే ఆదివారం ఫోన్‌లో ర్యాంకు సంగతి కాసేపు పక్కనపెట్టి, ఏం గీశావురా అని అడగండి.