మామ రాత్రంతా ఎందుకు లేస్తున్నాడు?

అర్ధరాత్రి. ఊరంతా నిద్రలో ఉంది. వసారాలో మంచం కిర్రుమంది. మామ లేచాడు. కర్ర పట్టుకుని దొడ్లోకి పోయాడు. చాలాసేపు నిలబడ్డాడు. నాలుగు చుక్కలు పడ్డాయి. వచ్చి పడుకున్నాడు. గంట తిరక్కుండా మళ్లీ లేచాడు.

అత్తకు కూడా నిద్ర లేదు. చీకట్లో ఎక్కడ పడిపోతాడోనని భయం. తెల్లారితే ఆమె మిరప చేలో కూలికి పోవాలి. పనిలో కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఏమయ్యా, ఒకసారి ఆసుపత్రికి పోదామా?" అని అడిగింది అత్త.

"ముసలితనంలో ఇదంతా మామూలే. ఎవరితోనూ అనకు" అన్నాడు మామ.

ఆయన పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. బస్సెక్కడం మానేశాడు. దారిలో ఒంటేలుకు పోవాల్సి వస్తే ఎట్లా అని ఆయన దిగులు. మామకు సిగ్గు. అత్తకు మొహమాటం. కోడలికి తెలిసినా పైకి అనలేదు. ఇట్లా 2 ఏళ్లు గడిచాయి.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మగవాళ్ల జబ్బే అయినా దాని బాధ ఇంట్లో ఆడవాళ్లకు కూడా తప్పదు. అందుకే దీని గురించి ఆడవాళ్లు తెలుసుకోవాలి.

ఇది ఏం జబ్బు?

మగవాళ్లకు పొత్తికడుపు లోపల, మూత్రం సంచికి కింద ఒక గ్రంథి ఉంటుంది. దాని పేరు ప్రోస్టేట్. ఆడవాళ్లకు ఇది ఉండదు. వీర్యంలో ఉండే ద్రవంలో కొంత ఇక్కడే తయారవుతుంది. వయసులో ఉన్నప్పుడు ఇది పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. బరువు సుమారు 20 గ్రాములు.

మూత్రం సంచి నుంచి బయటికి వచ్చే గొట్టం ఈ గ్రంథి మధ్యలోంచి పోతుంది. పూసలోంచి దారం పోయినట్టు. వయసు పెరిగేకొద్దీ ఈ గ్రంథి మెల్లగా పెరుగుతుంది. పెరిగి, మధ్యలో ఉన్న గొట్టాన్ని నొక్కుతుంది. చేనుకు నీళ్లు పెట్టే రబ్బరు పైపు మీద కాలు పెడితే ఏమవుతుంది? ధార సన్నబడుతుంది. ఇక్కడా అంతే.

60 ఏళ్లు దాటిన మగవాళ్లలో సుమారు సగం మందికి ఈ గ్రంథి పెరిగి ఉంటుంది. అందరికీ బాధ ఉండదు. కొందరికే ఉంటుంది.

ఇది అంటు జబ్బు కాదు. చెడు తిరుగుళ్ల వల్ల వచ్చేది కాదు. క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారదు. కానీ ఈ గ్రంథికి క్యాన్సర్ వచ్చినా ఇలాంటి గుర్తులే కనిపించవచ్చు. అందుకే పరీక్ష చేయించాలి. "మామూలే" అని ఊరుకోకూడదు.

గుర్తులు ఏమిటి?

- రాత్రిపూట ఒంటేలుకు చాలాసార్లు లేవడం.
- నిలబడినా వెంటనే మూత్రం రాకపోవడం.
- ధార సన్నగా, ఆగి ఆగి రావడం.
- పోసి వచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్టు అనిపించడం.
- ఆపుకోలేకపోవడం. బట్టల్లో చుక్కలు పడడం.

మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు.

ఆ రాత్రి ఏం జరిగింది?

చలికాలం వచ్చింది. మామకు జలుబు చేసింది. కొట్లో అడిగి జలుబు బిళ్లలు తెచ్చుకుని వేసుకున్నాడు. ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు బిగిసిపోయింది. నొప్పికి మామ మెలికలు తిరిగాడు.

"మంచినీళ్లు బాగా తాగించండి, అదే వస్తుంది" అన్నారు పక్కింటివాళ్లు. అది తప్పు. దారి మూసుకుపోయినప్పుడు నీళ్లు పోస్తే సంచి ఇంకా ఉబ్బుతుంది. నొప్పి పెరుగుతుంది.

కోడలు ఆశ కార్యకర్తకు ఫోన్ చేసింది. 108 బండి వచ్చింది. ఆసుపత్రిలో నర్సమ్మ సన్నటి గొట్టం వేసింది. మూత్రమంతా సంచిలోకి దిగింది. మామ ప్రాణం కుదుటపడింది.

"జలుబు బిళ్లలేమైనా వేశారా?" అని డాక్టరు అడిగాడు. కొన్ని రకాల జలుబు మందులు మూత్రం దారిని ఇంకా బిగిస్తాయి. గ్రంథి పెరిగినవాళ్లు డాక్టరును అడగకుండా అవి వాడకూడదు.

మూత్రం ఇలా ఆగిపోతే అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి. తెల్లారేదాకా చూడకూడదు. ఎక్కువకాలం మూత్రం నిలిచిపోతూ ఉంటే మూత్రపిండాలు కూడా పాడవుతాయి.

ఏయే పరీక్షలు చేస్తారు?

మామను పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మూత్ర సంబంధమైన జబ్బుల డాక్టరు ఉన్నాడు. ఆయన ముందు 7 ప్రశ్నలు అడిగాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, ధార ఎట్లా ఉంది, ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 35. 7 లోపు వస్తే బాధ తక్కువ. 20 నుంచి పైన వస్తే బాధ ఎక్కువ. మామకు 24 వచ్చింది.

తర్వాత డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, మలద్వారంలోంచి వేలితో గ్రంథిని తాకి చూశాడు. ఇది ఒక్క నిమిషం పని. సిగ్గుపడి వద్దనకూడదు. మూత్రం పరీక్ష చేశారు. స్కానింగ్ తీశారు. పి.ఎస్.ఎ. అనే రక్త పరీక్ష కూడా చేశారు. క్యాన్సర్ అనుమానం ఉందో లేదో చూడడానికి ఇది పనికొస్తుంది.

మామకు క్యాన్సర్ అనుమానం లేదన్నారు. గ్రంథి 55 గ్రాములకు పెరిగింది.

మొదట మందులు

గొట్టం 3 రోజులు ఉంచారు. డాక్టరు రెండు రకాల మందులు రాశాడు.

ఒకటి టాంసులోసిన్. ఇది దారిని బిగించే కండరాన్ని వదులు చేస్తుంది. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. కొందరికి లేచి నిలబడితే తల తిరుగుతుంది. అందుకని మంచం మీద కాసేపు కూర్చుని మెల్లగా లేవాలి. ఇంకో మాట. కంటి పొర ఆపరేషన్ చేయించుకునేటప్పుడు ఈ మందు వాడుతున్న సంగతి, వాడి మానేసినా సరే, కంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

రెండోది ఫినస్టరైడ్. ఇది గ్రంథిని చిన్నది చేస్తుంది. కానీ గుణం కనిపించడానికి సుమారు 6 నెలలు పడుతుంది.

"మీ ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉన్నారా?" అని డాక్టరు అడిగాడు. కోడలికి 4వ నెల. "అయితే విరిగిన బిళ్లను, పొడి అయిన బిళ్లను ఈమె ముట్టుకోకూడదు. ఆ మందు ఒంట్లోకి పోతే కడుపులో మగబిడ్డ ఎదుగుదలకు హాని" అన్నాడు డాక్టరు. మామకు బిళ్లలు విరిచి ఇచ్చే పని కోడలిదే. ఆ రోజు నుంచి అత్త ఆ పని తీసుకుంది.

3 రోజుల తర్వాత గొట్టం తీశారు. మూత్రం వచ్చింది. అందరూ సంతోషించారు. కానీ 2 నెలలకు మళ్లీ ఆగిపోయింది. మళ్లీ గొట్టం పడింది. ఈసారి డాక్టరు, "మందులతో ఇక కాదు, దారి చేయాలి" అన్నాడు.

కొత్త పద్ధతులు ఉన్నాయా?

"కోత పెడతారు. గేదెను అమ్మాల్సిందే" అని మామ దిగులుపడ్డాడు. పట్నంలో ఉన్న బంధువు ఫోన్‌లో, "ఇప్పుడు కోయకుండా ఆవిరితో చేస్తున్నారంట" అన్నాడు. అత్త ఆ సంగతి డాక్టరును అడిగింది. డాక్టరు ఓపికగా చెప్పాడు.

చెక్కి తీసే ఆపరేషన్. దీన్ని టి.యు.ఆర్.పి. అంటారు. చాలా ఏళ్లుగా చేస్తున్నారు. పొట్ట మీద కోత ఉండదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి పరికరం పంపుతారు. అడ్డుగా ఉన్న కండను కరెంటు తీగతో ముక్కలుగా చెక్కి తీస్తారు. నడుముకు మత్తు ఇస్తారు. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి. గుణం బాగా ఉంటుంది, చాలా ఏళ్లు నిలుస్తుంది. అయితే రక్తం పోయే ప్రమాదం కొంత ఉంది. ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా మూత్రం సంచిలోకి పోతుంది. దానివల్ల ఒంటికి హాని లేదు. కానీ ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. గ్రంథి మరీ పెద్దదైతే లేజర్‌తో తీసే పద్ధతి ఉంది.

ఆవిరి పద్ధతి. దీని పేరు రెజూమ్. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. దారిలోంచి పరికరం పంపి, సన్నటి సూదితో గ్రంథిలోకి వేడి ఆవిరి వదులుతారు. ఒక్కోసారి 9 సెకన్లు. అక్కడి కండ చచ్చిపోతుంది. దాన్ని ఒళ్లు మెల్లగా కరిగించుకుంటుంది. మొదట వాపు వస్తుంది కాబట్టి కొన్ని రోజులు గొట్టం ఉంచాలి. పూర్తి గుణానికి 3 నెలలు పట్టవచ్చు.

లాగి కట్టే పద్ధతి. దీని పేరు యూరోలిఫ్ట్. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ఇందులో కండను తీయరు. తలుపు తెరలను రెండు పక్కలకు లాగి కట్టినట్టు, గ్రంథిని చిన్న కట్లతో రెండు పక్కలకు లాగి బిగిస్తారు. మధ్యలో దారి తెరుచుకుంటుంది. గుణం త్వరగా తెలుస్తుంది. అన్ని రకాల గ్రంథులకు ఇది సరిపడదు.

రక్తనాళం మూసే పద్ధతి. మణికట్టు దగ్గరగానీ గజ్జల దగ్గరగానీ రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపుతారు. ఇసుక రేణువుల్లాంటి చిన్న పూసలు వదులుతారు. గ్రంథికి పోయే రక్తం తగ్గుతుంది. ఎరువు, నీళ్లు లేని మొక్కలాగా గ్రంథి కొన్ని నెలల్లో కుదించుకుపోతుంది.

ఈ మూడు కొత్త పద్ధతుల్లో రక్తం తక్కువ పోతుంది. చాలామంది అదే రోజుగానీ మర్నాడుగానీ ఇంటికి పోవచ్చు. వీర్యం బయటికి రాకపోయే ఇబ్బంది తక్కువ.

మరి అందరికీ ఇవే ఎందుకు చేయరు?

అత్త ఇదే అడిగింది. దానికి మూడు కారణాలు.

మొదటిది గుణం. ధార బాగుపడడంలో చెక్కి తీసే ఆపరేషనే ముందుంది. కొత్త పద్ధతుల్లో కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. ఒక పెద్ద పరిశీలనలో లాగి కట్టే పద్ధతి చేయించుకున్న 100 మందిలో 13, 14 మందికి 5 ఏళ్లలోపు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆవిరి పద్ధతిపై చేసిన ఇంకో పరిశీలనలో 100 మందిలో 4, 5 మందికే అలా జరిగింది.

రెండోది ఖర్చు. కొత్త పరికరాలు ఖరీదైనవి.

మూడోది దూరం. ఇవి ఎక్కువగా పెద్ద నగరాల్లోని ఆసుపత్రుల్లోనే ఉన్నాయి.

కాబట్టి కొత్తదంతా అందరికీ మంచిదని కాదు. పాతదంతా చెడ్డదని కాదు. గ్రంథి ఎంత ఉంది, దాని ఆకారం ఏమిటి, గుండె జబ్బు ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఇవన్నీ చూసి డాక్టరు చెబుతారు. తుది మాట మాత్రం రోగిది, ఆయన కుటుంబానిది.

వాళ్లు ఏం చేశారు?

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరకు అత్త, కోడలు పోయారు. కార్డు చూపించారు. చెక్కి తీసే ఆపరేషన్ పథకం కింద వస్తుందా, ఇంకా ఏమైనా కట్టాలా అని అడిగారు. వస్తుందని తేలింది. ఆవిరి పద్ధతికి అయితే పట్నం పోవాలి, డబ్బు సొంతంగా కట్టాలి. మామ వయసు 68. ఇక పిల్లల మాట లేదు. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకుందామని మామ చెప్పాడు.

ఆపరేషన్ ముందు సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. అత్త దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. అర్థం కాని రెండు మాటలు నర్సమ్మను అడిగింది. తర్వాతే సంతకం పెట్టింది. 3 ఏళ్ల కిందట అయితే వేలిముద్ర వేసి ఉండేది.

కొన్ని రోజులు మూత్రం ఎర్రగా వచ్చింది. అది మామూలే అని డాక్టరు ముందే చెప్పాడు. నెల రోజులు మామ బరువులు ఎత్తలేదు. తీసిన ముక్కల్ని పరీక్షకు పంపారు. క్యాన్సర్ లేదని కాగితం వచ్చింది.

ఇప్పుడు మామ రాత్రికి ఒకసారి లేస్తున్నాడు. గేదె దొడ్లోనే ఉంది. మొన్న మేనల్లుడి పెళ్లికి బస్సెక్కి పోయాడు. అక్కడ తన ఈడు మనిషి ఒకాయన మాటిమాటికీ లేచి పోవడం చూశాడు. పక్కకు పిలిచి, "సిగ్గుపడకు బావా, దీనికి వైద్యం ఉంది" అని చెప్పాడు.

గుర్తుంచుకోండి

- రాత్రిపూట టీ, కాఫీ తాగకూడదు. పడుకోబోయే ముందు నీళ్లు తగ్గించాలి. పగలు మాత్రం సరిపడా తాగాలి.
- సారా, కల్లు బాధను పెంచుతాయి.
- మూత్రం పూర్తిగా ఆగితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.
- ఫినస్టరైడ్ విరిగిన బిళ్లను గర్భిణులు ముట్టుకోకూడదు.
- సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి. అర్థం కాకపోతే అడగాలి.

మాట్లాడుకోండి

1. మామ 2 ఏళ్లు ఎందుకు దాచాడు? దానివల్ల ఎవరెవరు బాధపడ్డారు?
2. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లతో ఈ మాట ఎట్లా మొదలుపెడతారు?
3. ఆపరేషన్‌కు ముందు డాక్టరును అడగాల్సిన 3 ప్రశ్నలు మీ పలక మీద రాయండి.