ఊరి చుట్టూ పొలాలే.. ఇంటి స్థలానికి మాత్రం కరువు! ఈపూరు లాంటి మండలాల్లో అసలు సమస్య ఎక్కడుంది?

ఈపూరు (పల్నాడు జిల్లా): ఊరి బయటికొస్తే ఎటు చూసినా పొలాలే. కానీ ఇల్లు కట్టుకుందామని ఓ 200 గజాల జాగా అడిగితే చెప్పే రేటు విని గుండె గుభేల్‌మంటోంది. ఇంత భూమి ఉన్నా స్థలాలకు కొరత ఎందుకు? ఎందుకంటే కొరత భూమికి కాదు. కాగితాలు సక్రమంగా ఉన్న స్థలాలకు!

రేట్లు ఎందుకు పెరుగుతున్నాయి?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా ఆఫీసులు, ఉద్యోగులు రావడంతో అక్కడ ఇళ్లకు గిరాకీ పెరిగింది. ఆ ప్రభావం చుట్టుపక్కల మండలాలకూ పాకుతుంది. దీనికి అమరావతి తోడైంది. 2025 మే 2న ప్రధాని మోదీ రాజధాని పనులను పునఃప్రారంభించారు. దాదాపు 190 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రతిపాదన కూడా ఉంది. వినుకొండ నియోజకవర్గంలోని ఈపూరు రాజధానికి దగ్గరేం కాదు. అయినా 'రేపు పెరుగుతుంది' అన్న ఆశకు కూడా ఈరోజే రేటు కట్టేస్తారు. ఇల్లు కట్టుకునేవాళ్లకు అసలు దెబ్బ ఇదే.

రాష్ట్రంలో భూముల మార్కెట్ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం.. మొత్తం 7.5 శాతం. అంటే దస్తావేజు విలువ రూ.10 లక్షలైతే రూ.75 వేలు అదనంగా చేతిలో ఉండాల్సిందే.

మరి స్థలాలు ఎందుకు దొరకట్లేదు?

మొదటిది గ్రామకంఠం. పాత ఊళ్లో ఇళ్లున్న ఈ భూమికి చాలాచోట్ల విడివిడిగా సర్వే నంబర్లు లేవు. తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్నా చేతిలో సరైన పత్రం ఉండదు. దాంతో అమ్మడం కష్టం, బ్యాంకు లోన్ ఇంకా కష్టం. 2020లో కేంద్రం తెచ్చిన స్వామిత్వ పథకం ఇందుకే. డ్రోన్లతో సర్వే చేసి ఇంటి యజమానికి ప్రాపర్టీ కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం.

రెండోది లేఅవుట్. పొలాన్ని ప్లాట్లుగా మార్చాలంటే అనుమతి తీసుకోవాలి. రోడ్లు, డ్రైనేజీ వేయాలి, ఖాళీ స్థలం వదలాలి. ఇదంతా ఖర్చే. అందుకే అప్రూవ్డ్ ప్లాటు రేటు ఎక్కువ. ఇవేవీ లేకుండా రాళ్లు పాతి అమ్మేసే వెంచర్‌లో రేటు తక్కువ. డబ్బులు చాలని కుటుంబం సహజంగానే అటు మొగ్గుతుంది.

రిజిస్ట్రేషన్ అయితే సరిపోతుందా?

సరిపోదు! చాలామంది పొరబడేది ఇక్కడే. రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదైందని మాత్రమే అర్థం. అమ్మినవాడే అసలు హక్కుదారుడని గానీ, లేఅవుట్‌కు అనుమతి ఉందని గానీ అది హామీ ఇవ్వదు. అనుమతి లేని ప్లాటులో ఇంటి ప్లాన్‌కు, లోన్‌కు ఇబ్బందులు తప్పవు. ఎల్‌ఆర్‌ఎస్‌లో క్రమబద్ధీకరించుకోవాలన్నా ఛార్జీలు కట్టాలి. పైగా 2025లో తెచ్చిన పథకం ఆ ఏడాది జూన్ 30లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే. 'తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకోవచ్చులే' అన్న మాట నమ్మి ఇప్పుడు కొంటే ఇరుక్కున్నట్టే.

బయానా ఇచ్చే ముందు ఇవి చూడండి:

* ఈసీ తీయించండి. పాత లావాదేవీలు, తాకట్లు అందులో తెలుస్తాయి. లింక్ డాక్యుమెంట్లు అడగండి.
* సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. అసైన్డ్, దేవాదాయ భూములు ఇందులో ఉంటాయి.
* మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బీ సరిపోల్చండి.
* లేఅవుట్ పర్మిషన్ నంబరు అడగండి. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్లు మించినా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి.
* కొలతలు సర్వేయర్‌తో వేయించుకోండి. సెంటు అంటే 48.4 గజాలు. 4 సెంట్లు అంటే 200 గజాలకు కాస్త తక్కువే!

రేటు ఇంకా పెరుగుతుందని, ఈ రోజే అడ్వాన్స్ ఇవ్వాలని ఎవరైనా తొందరపెడితే ముందు పై కాగితాలు అడగండి. చూపించడానికి వెనకాడితే ఆ ప్లాటు ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.