అడ్డపొగ – అంగిలి కాన్సరు
మన పల్లెలను గురించి ఒక దంత శాస్త్రవేత్త చేసిన కృషి

ఎచ్చెర్ల మండలమున బుడగట్లపాలెం వంటి తీర గ్రామములలోను, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇతర పల్లెలలోను వయసు మళ్లిన స్త్రీలు చుట్టను నిప్పు నోటి లోపల నుంచుకొని కాల్చుట పంచాయతీ సభ్యులలో పలువురు చూచియే యుందురు. దీనినే అడ్డపొగ అందురు. గాలిలో పనిచేయునప్పుడు చుట్ట ఆరిపోదనియు, చంకనున్న బిడ్డపై నిప్పురవ్వ పడదనియు వారు చెప్పుదురు. తల్లిని చూచి కూతురు నేర్చిన అలవాటిది. దీని ఫలితమేమో తేల్చుటకు ప్రపంచ ప్రసిద్ధుడైన ఒక దంత శాస్త్రవేత్త మన జిల్లా ప్రజల అంగిళ్లను గూర్చిన పరిశోధనలో పాలుపంచుకొనెను. ఆ కథను సభ్యుల యెదుట నుంచుట మా ఉద్దేశము.

ఆయన యెవరు?

ఆయన పేరు జెన్స్ యోర్గెన్ పిండ్‌బోర్గ్. 1921లో జన్మించి 1995లో మరణించిన డెన్మార్కు దేశస్థుడు. కోపెన్‌హాగెన్ నగరములోని రాయల్ దంత కళాశాలలో నోటి వ్యాధుల శాస్త్రమునకు ఆచార్యుడు. పండ్లు ఏర్పడు కణజాలము నుండి దవడలో పుట్టు ఒక అరుదైన గడ్డను వివరించినందున నేటికిని వైద్యులు దానిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. పంటి గట్టి భాగముల వ్యాధులపై గ్రంథము వ్రాసినవాడు కూడ ఆయనయే. వక్క నమలువారికి నోరు బిగిసి తెరచుకొనని వ్యాధిని గురించి 1966లో మన దేశపు శాస్త్రవేత్త శ్రీమతి సత్యవతి శిర్సాట్ గారితో కలిసి ఒక వ్యాసము ప్రకటించెను. గుట్కా నమలు నేటి యువకులలో కనబడుచున్నది ఆ వ్యాధియే.

ఇంటింటి పరీక్ష

కోస్తా ఆంధ్రమున అంగిలి కాన్సరునకు అడ్డపొగయే కారణమని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు గార్లు వ్రాసి యుండిరి. అయితే ఆసుపత్రికి వచ్చువారు వ్యాధి ముదిరినవారు. వారిని మాత్రమే చూచినచో వ్యాధి ఎట్లు మొదలగునో తెలియదు. అందుచే బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలీ మెహతా గారు, పిండ్‌బోర్గ్, వారి సహచరులు పల్లెలలో ఇంటింటి పరీక్షకు పూనుకొనిరి. దేశములోని ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిన ఫలితములు 1969లో వెలువడినవి. ఆ జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. అంతకు ముందు దానిలోని కొంత భాగము శ్రీకాకుళం జిల్లాలోనే యుండెను.

మన జిల్లాకు సంబంధించిన ఫలితములు 1971లో ప్రత్యేకముగా ప్రకటింపబడినవి. పరీక్షింపబడినవారు 10,169 మంది. వారిలో నూటికి 43.8 మందికి అడ్డపొగ అలవాటుండెను.

అంగిలిలో జరుగునదేమి?

మామూలుగా చుట్ట కాల్చునప్పుడు నిప్పు వెలుపల నుండును. అడ్డపొగలో వేడియు, పొగయు నేరుగా అంగిలికి తగులును. ఆరోగ్యమైన అంగిలి లేత గులాబి రంగులో నుండును. అడ్డపొగ వలన అది క్రమముగా తెల్లబడి మందమగును; లాలాజల గ్రంథుల రంధ్రములు ఎర్రని చుక్కలవలె కనబడును. కొందరిలో ఎర్రని మచ్చలు, మానని పుండ్లు ఏర్పడును. ఇట్టి మార్పులలో కొన్ని కాన్సరుగా పరిణమింపవచ్చును. తొలిదశలో నొప్పి యుండదు గనుక ఆ స్త్రీ ఎవరికిని చెప్పదు. ఇదియే ప్రమాదము. నిప్పును వెలుపలికి త్రిప్పి కాల్చిన చాలుననుకొనుటయు పొరపాటు. పొగాకు ఏ రీతిగా వాడినను హానికరమే.

మానిపించుట సాధ్యమా?

పుట్టినప్పటి నుండి చూచుచున్న అలవాటును ఒకరు చెప్పినంత మాత్రమున మానుదురా యని సభ్యులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకును ఆ శాస్త్రవేత్తలే సమాధానము వెదకిరి. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఒక్కొక్కరికి విడివిడిగా నచ్చజెప్పిరి. చలనచిత్రములు, గోడపత్రికలు, రేడియో, వార్తాపత్రికలు తోడ్పడినవి. ఫలితములు 1986లో ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్‌లో వెలువడినవి. సలహా పొందని వారికంటె సలహా పొందినవారిలో పొగాకు మానినవారు ఎక్కువ. క్రొత్తగా తెల్లమచ్చలు ఏర్పడినవారు తక్కువ. ఇంటికి వచ్చి ఆదరముతో చెప్పిన మాటకు ఫలమున్నదని ఋజువైనది.

పంచాయతీ చేయదగినది

నేడు 30 సంవత్సరములు దాటినవారికి నోటి కాన్సరు పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములలో భాగము. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. వచ్చినప్పుడు అడ్డపొగ త్రాగు అవ్వలందరు నోరు చూపించుకొనునట్లు వార్డు సభ్యులు శ్రద్ధ వహింపవలెను. మహిళా సభ్యులు స్వయముగా వెళ్లి పలుకరించినచో మరింత మేలు. రెండు వారములు గడచినను మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అవసరమైనచో వారు విశాఖపట్టణము దాపునగల అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు పంపుదురు. పొగాకు మానదలచినవారు 1800-11-2356 అను ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

అవ్వలను గద్దించుట గాని, నలుగురిలో నవ్వులపాలు చేయుట గాని తగదు. దాచుకొన్న నోటిని ఏ వైద్యుడును పరీక్షింపజాలడు. ఒకనాడు మన జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్థులు నోరు తెరచి చూపుట వలననే ఈ జ్ఞానము లోకమునకు లభించినది. దాని ఫలము మొదట వారి కుమార్తెలకు, మనుమరాండ్రకు దక్కునట్లు చూచుట మన పంచాయతీల ధర్మము.