బంకుకు వెళ్లని బండికి రోడ్డు బాకీ

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉండే మన తెలుగువాళ్లెవరైనా కొత్త కరెంటు కారు కొంటే, టెక్సస్ ప్రభుత్వానికి మొదట 400 డాలర్లు అదనంగా కట్టాలి. ఆ తర్వాత రెన్యువల్‌కు ఏటా 200. మామూలు రిజిస్ట్రేషన్ ఫీజు దీనికి వేరే. 2023 సెప్టెంబరు 1 నుంచి ఇదే నిబంధన. పొగ వదలని బండి కొన్నందుకు జరిమానా ఏమిటని విసుక్కునేవాళ్లు ఉంటారు. కానీ దీని వెనక ఒక పాత లెక్క ఉంది.

అమెరికాలో రోడ్ల డబ్బులో పెద్ద వాటా పెట్రోలు బంకులో పుడుతుంది. 1919లో ఆరెగాన్ రాష్ట్రం గ్యాలన్‌కు ఒక సెంటు పన్ను వేసింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 1956లో ఫెడరల్ ప్రభుత్వం హైవేలకు ప్రత్యేక నిధి పెట్టి, ఇంధన పన్నును అందులోకి మళ్లించింది. ఎంత తిరిగితే అంత పెట్రోలు, అంత పన్ను. బరువైన బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ కడుతుంది. బండికి మీటరు బిగించకుండానే వాడకం లెక్క తేలిపోయేది. ఇంత సులువైన పన్ను మరొకటి దొరకడం కష్టం.

కరెంటు కారు బంకు మొహం చూడదు, రోడ్డు మాత్రం వాడుకుంటుంది. కాబట్టి దాని వాటా అడగడంలో తప్పు లేదు. ఎంత అడుగుతున్నారన్న దగ్గరే పేచీ.

టెక్సస్‌లో గ్యాలన్‌కు రాష్ట్ర పన్ను 20 సెంట్లు. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే పెట్రోలు కారు ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 400 గ్యాలన్లు, అంటే 80 డాలర్ల పన్ను. కరెంటు కారు కట్టేది 200! ఆ పెట్రోలు కారు అంత కట్టాలంటే 30,000 మైళ్లు తిరగాలి. పైగా వారానికోసారి గుడికీ కూరగాయలకూ బండి తీసే రిటైరైన పెద్దమనిషీ, రోజంతా టాక్సీ నడిపే కుర్రాడూ ఒకే మొత్తం కట్టాలి. న్యూజెర్సీ ఇంకో అడుగు ముందుకేసి, 2024 జూలై నుంచి కొత్త కారుకు నాలుగేళ్ల రుసుము ఒకేసారి తీసుకుంటోంది; మొదలుపెట్టినప్పుడు అది 1,060 డాలర్లు.

అసలు ఖజానాలో గుంత తవ్వింది కరెంటు కార్లా? ఫెడరల్ పెట్రోలు పన్ను 1993 నుంచి 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. టెక్సస్ పన్ను 1991 నుంచి కదల్లేదు. అప్పటి డాలరుకు వచ్చిన తారూ కంకరా ఇప్పుడు రావు. పెట్రోలు కార్ల మైలేజీ కూడా పెరిగింది. హైవే నిధికి సాధారణ ఖజానా నుంచి డబ్బు సర్దడం 2008లోనే మొదలైంది. అప్పటికి రోడ్ల మీద కరెంటు కార్లు దాదాపు లేవు. పన్ను పెంచితే ఓట్లు పోతాయన్న భయమే అసలు కారణమని నా అభిప్రాయం.

బ్యాటరీ బరువుకు రోడ్లు పాడవుతాయన్న వాదన ఒకటుంది. 1950ల చివర్లో ఇల్లినాయిలో చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల సుమారు 16 రెట్లవుతుంది. ఈ లెక్కన కరెంటు కారు పెట్రోలు కారు కంటే ఎక్కువే అరగదీస్తుంది. కానీ నిండు లోడుతో పోయే లారీ ముందు రెండూ చీమలే.

తిరిగిన దూరాన్ని బట్టి వసూలు చేయడమే న్యాయం. న్యూజిలాండ్ 2024 ఏప్రిల్ నుంచి కరెంటు కార్లకు వెయ్యి కిలోమీటర్లకు 76 న్యూజిలాండ్ డాలర్లు తీసుకుంటోంది. ఆరెగాన్‌లో 2015 నుంచే ఇష్టమైనవాళ్లు మైళ్ల లెక్కన కట్టే పథకం ఉంది. ఎక్కడికి వెళ్లామో సర్కారుకు తెలిసిపోతుందన్న బెంగ అక్కర్లేదు. ఏడాదికోసారి ఓడోమీటరు చూస్తే సరిపోతుంది. అమెరికా ప్రతినిధుల సభ మాత్రం 2025లో దేశమంతటా ఏటా 250 డాలర్ల రుసుము పెట్టబోయింది. చివరికి చట్టంలో అది లేకుండా పోయింది.

మన దగ్గర కథ ఇంకా మొదటి పేజీలోనే ఉంది. ఇక్కడా పెట్రోలు, డీజిల్ మీద రోడ్ల కోసం కేంద్రం సెస్ వసూలు చేస్తోంది. కరెంటు బండికి ఆ భారం లేదు. తెలంగాణ 2024 నవంబరులో ఈ బండ్లకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా మాఫీ చేసింది. ఆ ఉత్తర్వులో రాసిన గడువు 2026 డిసెంబరు 31.