ఆబోతుకు ఎరుపంటే కోపమా?

భిక్నూర్‌లో గాని, మీ ఊళ్లో గాని ఆబోతు ఎదురైతే ఏం చేస్తారు? ముందుగా ఎర్ర చొక్కా గుర్తొస్తుంది కదూ! ఆ భయం అక్కరలేదు. రంగులను గుర్తించే శంకు కణాలు మన కంట్లో మూడు రకాలు. పశువు కంట్లో రెండే. ఎరుపును అది మనలా పోల్చుకోలేదు. స్పెయిన్ ఎద్దుల పోరులో ఎద్దును రెచ్చగొట్టేది గుడ్డ రంగు కాదు, దాని కదలిక.

కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల పశువుకు దాదాపు 330 డిగ్రీల మేర కనిపిస్తుంది. సరిగ్గా వెనుక మాత్రం కనబడదు. చప్పుడు లేకుండా అటునుంచి పోతే బెదిరి తన్నవచ్చు. కొట్టంలోకి పక్కనుంచి, మాట వినిపిస్తూ పోవాలి. బయటపడే దారి ముందే చూసుకోవాలి.

ఆబోతు సాధారణంగా హెచ్చరించే పొడుస్తుంది. అడ్డంగా తిరిగి ఒళ్లంతా చూపుతుంది. తల దించి, గిట్టతో మట్టి చిమ్ముతుంది. అప్పుడు వీపు చూపి పరుగెత్తవద్దు. దాన్ని గమనిస్తూనే మెల్లగా వెనక్కి నడిచి కంచె దాటాలి.

"నేను పెంచిందే, నన్నేం చేస్తుంది?" అనుకోవడమే అసలు ప్రమాదం. మందకు దూరంగా, మనిషి చేతిమీదే పెరిగిన కోడెదూడ పెద్దయ్యాక మనిషినే తన పోటీదారుగా ఎంచవచ్చు. కోడెదూడలను మందలో పెరగనివ్వడమే క్షేమం.