ఫోన్‌లో ఉస్తాద్: ఫీజు కట్టే ముందు

పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేందుకు ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు బాసర వస్తారు. అక్కడ అక్షరం దిద్దించేవారు ఎదుటే కూర్చుంటారు. ఇంటర్నెట్‌లో ఉర్దూ, అరబీ నేర్పుతామనే వెబ్‌సైట్లలో పాఠం చెప్పేదెవరో, ఎక్కడివారో ముందుగా తెలియదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ చదవడం రాని మన పిల్లల కోసమే ఈ ప్రకటనలు.

ఫొటోలు, పొగడ్తలు ఎవరైనా పెట్టుకోవచ్చు. డబ్బు కట్టక మునుపు ఒక పాఠం వినండి. రేపు చెప్పబోయే ఉస్తాదే చెప్పాలి, ఏజెంటు కాదు. ‘సే, సీన్, సాద్’ పలకమనండి. ఉర్దూలో మూడూ ‘స’గానే వినిపిస్తాయి, అరబీలో మూడూ వేర్వేరు. ఈ తేడా చెప్పలేనివారు ఖురాన్ పఠనం నేర్పుతామంటే నమ్మేదెలా? నెలలో రెండు భాషలూ వచ్చేస్తాయంటే ఇక చెప్పేదేముంది!

తమ సర్టిఫికెట్‌కు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ (స్థాపన 1998) గుర్తింపు ఉందంటే, ఆ యూనివర్సిటీనే అడగాలి. మానేస్తే ఫీజు ఎంత వాపసిస్తారో రాతలో ఉండాలి. ఏడాది ఫీజు ఒకేసారి వద్దు, నెలనెలా చాలు. పాఠం వేళ పెద్దలొకరు పిల్లల పక్కన ఉండాలి.

‘ఫీజు వాపసిస్తాం, యూపీఐ పిన్ కొట్టండి’ అంటే మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. సొమ్ము పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే అది ఖాతాలు మారిపోతుంది.